గోల్డ్ కార్డు అంటే మొదటి బంతి

కాజీపేట తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా కన్సల్టింగ్ ఉద్యోగంలో చేరాడు, నెలకోసారి సింగపూర్‌కో ఫ్రాంక్‌ఫర్ట్‌కో వెళ్లాల్సి వస్తుంది. "మా మేనేజర్ డిసెంబర్ చివరి వారంలో ఏ పనీ లేకుండా ఢిల్లీ వెళ్లి, ఎయిర్‌పోర్టు దాటకుండానే తిరిగొచ్చాడు. గోల్డ్ స్టేటస్‌కి రెండు ఫ్లైట్లు తక్కువ పడ్డాయట. ఇంత చదువుకున్న మనిషికి ఇదేం పిచ్చి? నేను కూడా ఇప్పటినుంచే ఆ లెక్కలో పడాలా?" అని.

గోల్డ్ అంటే ఒకే విమాన సంస్థలో మాటిమాటికి తిరిగేవాళ్లకు అది ఇచ్చే పై మెట్టు సభ్యత్వం. చదివి నవ్వుకున్నాను. మీ మేనేజర్ చేసిన పనే నేను 2016 డిసెంబర్‌లో చేశాను.

నోట్ల రద్దు జరిగిన మరుసటి నెల అది. దేశమంతా ఏటీఎంల ముందు క్యూ కట్టి ఉంది. నేనేమో రాత్రి రెండున్నరకు హనుమకొండలో కారెక్కి, జనగామ, ఆలేరు, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి శంషాబాద్ చేరాను. వచ్చే ఏడాది క్యూలో నిలబడకుండా ఉండటానికి! ఢిల్లీలో దిగి, ఒక పరాఠా తిని, గంటన్నర తర్వాత అదే విమానంలో వెనక్కి వచ్చాను. ఇంట్లో మాత్రం ఢిల్లీ ఆఫీసులో మీటింగ్ అని చెప్పాను. మర్నాడు బట్టలు ఉతకడానికి వేస్తూ మా ఆవిడ చొక్కా జేబులో రెండు బోర్డింగ్ పాసులు చూసింది. టైములు చదివింది. "మీటింగ్ విమానంలనే పెట్టుకున్నరా?" అంది.

పద్దెనిమిదేళ్లు పవర్ ప్లాంట్లలో టర్బైన్ల సర్వీసింగ్ పని మీద తిరిగాను. దమ్మామ్, దోహా, ఆఫ్రికా, జర్మనీ. అందులో పదేళ్లకు పైగా గోల్డ్‌లో ఉన్నాను. ఇప్పుడు ఏమీ లేదు, మామూలు ప్రయాణికుణ్ణి. రెండు వైపులా నిలబడి చూసినవాడిగా చెబుతున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. విమానం ఎక్కినప్పుడల్లా మన ఖాతాలో పడే పాయింట్లను మైళ్లు అంటారు, అవి రెండు రకాలు. ఒకటి ఖర్చు పెట్టుకునేవి, వాటితో టికెట్ కొనుక్కోవచ్చు. రెండోది మెట్టు ఎక్కించేవి, వాటిని ఖర్చు పెట్టలేం, చాలా ప్రోగ్రాముల్లో ఏడాది చివర సున్నా అవుతాయి. క్రెడిట్ కార్డు మీద లక్ష పాయింట్లు ఉన్నాయి కాబట్టి నేను గోల్డ్ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. చాలా ప్రోగ్రాముల్లో అట్లా కుదరదు. మీ మేనేజర్ వెంటపడింది రెండో రకం కోసం. అందుకే డిసెంబర్‌లోనే ఆ పరుగు. జనవరి వస్తే మీటర్ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ పరుగుకి అమెరికా వాళ్లు పెట్టిన పేరు 'మైలేజ్ రన్'.

ఈ తంతు ఎట్లా పుట్టిందో తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. అమెరికాలో 1978 దాకా విమాన టికెట్ ధర, ఏ రూట్లో ఎవరు తిరగాలన్నది ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది ఆ అదుపు తీసేస్తూ చట్టం చేశారు. అందరూ అన్ని రూట్లలో దిగారు, ధరలు పడ్డాయి. విమానాలన్నీ ఒకటే, సీట్లన్నీ ఒకటే అయినప్పుడు ప్రయాణికుడు మన దగ్గరికే ఎందుకు రావాలి? 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'ఆడ్వాంటేజ్' మొదలుపెట్టింది. కొద్దిరోజుల్లోనే యునైటెడ్ కూడా తనది తెచ్చింది. అప్పటిదాకా ఎవరు మాటిమాటికి ఎక్కుతున్నారో విమాన సంస్థకే సరిగ్గా తెలియదు. రిజర్వేషన్ కంప్యూటర్లో ఒకే ఫోన్ నంబరు మళ్లీ మళ్లీ ఎక్కడ కనిపిస్తుందో వెతికి మొదటి సభ్యుల జాబితా తయారు చేశారు. కిరాణా కొట్టు సేటు ఉద్దెర పుస్తకంలో పేర్లు రాసుకున్నట్టే, పని మాత్రం కంప్యూటర్ చేసింది.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. టికెట్ డబ్బు కట్టేది కంపెనీ, మైళ్లు పడేది ఉద్యోగి పేరు మీద. డబ్బు ఎవరిదో, లాభం ఎవరికో. అందుకే ఐదు వేలు తక్కువకు వేరే విమానం ఉన్నా, "ఆ టైమింగ్ నాకు కుదరదు" అని ట్రావెల్ డెస్క్‌కి మెయిల్ పెడతాం. నేను పెట్టాను, మీ మేనేజరూ పెట్టే ఉంటాడు. మన కేంద్ర ప్రభుత్వం దీన్ని గమనించే, ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు వచ్చే మైళ్లను మళ్లీ ఆఫీసు ప్రయాణానికే వాడాలని తన ఉద్యోగులకు నిబంధన పెట్టింది. ప్రైవేటు కంపెనీలు చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. నెలలో పదిహేను రోజులు ఇల్లు వదిలి తిరిగే మనిషికి ఆ మాత్రం దక్కనీ అని కావచ్చు.

ఇక ఏం దొరుకుతుంది? లాంజ్ అనే, తిండి పెట్టి కూర్చోబెట్టే ప్రత్యేక గది, విడిగా చెకిన్ కౌంటర్, ముందుగా ఎక్కడం, అదనపు లగేజీ, బ్యాగు మీద ప్రయారిటీ ట్యాగు, వెయిటింగ్ లిస్టులో ముందు వరస. లాంజ్ కోసమే అయితే ఇంత కష్టపడకండి. మన దేశంలో రెండు రూపాయలు స్వైప్ చేస్తే లాంజ్‌లోకి పంపే క్రెడిట్ కార్డులు వచ్చాక, సాయంత్రం పూట లాంజ్ ముందే పెద్ద క్యూ ఉంటోంది. లోపల ఇడ్లీ, ఉప్మా, ఒక పప్పు. సీటు దొరికితే అదృష్టం. అప్‌గ్రేడ్ అంటారా, ఎకానమీ నిండిపోయి ఇంకా మనుషులు మిగిలితే కార్డున్నవాణ్ణి ముందు క్లాసులోకి జరుపుతారు. పద్దెనిమిదేళ్లలో నాకు రెండుసార్లు జరిగింది. అందులో ఒకసారి ఎక్కగానే నిద్రపోయాను.

అసలు విలువ తెలిసేది అంతా చెడిపోయిన రోజున.

2018 జనవరిలో ఒక గల్ఫ్ ఎయిర్‌పోర్టులో ఉన్నాను. పొగమంచు. హైదరాబాద్ విమానం రద్దయింది. కౌంటర్ ముందు రెండు వందల మంది దాకా క్యూ. పక్కన కార్డున్నవాళ్లకు వేరే కౌంటర్, అక్కడ నాకు ముందు నలుగురు. ఇరవై నిమిషాల్లో ముంబై మీదుగా వెళ్లే విమానంలో సీటు చేతికొచ్చింది. నేను గట్టిగా అడగలేదు, బతిమాలలేదు. ఆ అమ్మాయి కంప్యూటర్ చూసింది, నా పేరు పక్కన ఏదో గుర్తు కనబడింది, పని అయిపోయింది. విమానం ఆగిపోయినప్పుడు మిగిలిన సీట్లు ఎవరికి ముందు ఇవ్వాలన్నది చాలావరకు ఆ గుర్తును బట్టే ఉంటుంది. ఏ క్లాసు టికెట్, ఎంత పెట్టి కొన్నారు అన్నది కూడా చూస్తారు.

వెనక్కి తిరిగితే క్యూ చివర ఒకతను ఫోన్లో మన యాసలో మాట్లాడుతున్నాడు. జగిత్యాల దగ్గరి ఊరు. అక్క బిడ్డ పెండ్లి ఎల్లుండి. రెండేళ్ల తర్వాత ఊరికి పోతున్నాడు. అతనికి మర్నాడు రాత్రి విమానం ఇచ్చారు. నా సీటు అతనికి ఇవ్వడానికి లేదు, టికెట్ మీద పేరు మారదు. నా కార్డు మీద ఒక అతిథిని లాంజ్‌లోకి తీసుకెళ్లే వీలుంది, రమ్మన్నాను. లోపల ప్లేటు పట్టుకుని నిలబడి మెల్లగా అడిగాడు, "అన్నా, ఈడ తింటే ఎన్ని పైసలు తీస్కుంటరు?"

"ఏం లేవు, తిను."

"మరి ఫుకట్ అయితే అందర్ని ఎందుకు రానియ్యరు?"

నాకు జవాబు తోచలేదు. అందరినీ రానిస్తే దానికోసం ఎవరూ వెంటపడరు కాబట్టి అని చెప్పాలి. ఆ మనిషి మొహం చూస్తూ ఆ మాట ఎట్లా అనేది?

ఈ తపనలో సౌకర్యం సగం, తక్కినదంతా వరస. మన దగ్గర పెండ్లి దావత్ గుర్తు తెచ్చుకోండి. మొదటి బంతిలో తిన్నా మూడో బంతిలో తిన్నా అవే బగారా అన్నం, అదే మటన్ కూర. అయినా మొదటి బంతికి పిలవలేదని ఏళ్ల తరబడి మాట్లాడుకోని మామలు, బావలు ఎంతమంది లేరు? మేడారం జాతరలో గద్దెల దగ్గర తల్లులు అందరికీ ఒకటే, వీఐపీ పాసు కోసం మాత్రం నెల ముందునుంచే ఫోన్లు. విమానం కూడా అంతే. ముందు ఎక్కినవాడు ముందు దిగిపోడు, ముందు చేరడు. బ్యాగు పైన పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, అది నిజమైన లాభమే. మిగతాదంతా లైనులో నిలబడ్డవాళ్లు చూస్తుండగా ముందుకు నడవడంలో ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అబద్ధం రాయను, నాకు అది నచ్చేది. ఇల్లు వదిలి, భాష రాని చోట, రాత్రి మూడింటికి, ఎవరికీ ఏమీ కాని మనిషిగా తిరిగేవాడికి "మళ్లీ స్వాగతం" అని పేరు పెట్టి పిలిస్తే ఎక్కడో తగులుతుంది. వాళ్లకు అది కంప్యూటర్ చెబుతుందని తెలిసినా తగులుతుంది.

విమాన సంస్థలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట ఒక చిన్న ప్రయోగం చేసి, 2006లో ప్రచురించారు. కొందరికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం అనే కార్డు ఇచ్చారు. ఇంకొందరికి పది గళ్ల కార్డు ఇచ్చి, రెండు ముద్రలు ముందే వేసిచ్చారు. ఇద్దరికీ కావలసింది ఎనిమిదే. మొదటి గుంపులో 19 శాతం మంది కార్డు పూర్తి చేస్తే, రెండో గుంపులో 34 శాతం చేశారు. కొంత దారి వచ్చేశాం అనిపిస్తే మనిషి ఆగడు. మీ యాప్‌లో గోల్డ్‌కి ఇంకా ఎంత దూరమో చూపించే గీత అందుకే అంత అందంగా ఉంటుంది. 2016లో నన్ను ఢిల్లీ పంపింది ఆ గీతే. టికెట్‌కి పదకొండు వేలు, కారుకు డీజిల్ వేరే. తర్వాతి ఏడాది నేను నిజంగా వాడుకున్న అదనపు లగేజీ విలువ లెక్కేస్తే ఇంచుమించు సరిపోయింది. నిద్ర పోయిన రాత్రిని లెక్కలో వేయలేదు.

ఈ ప్రోగ్రాములు వాళ్లకు ఎంత పెద్ద ఆస్తో కరోనా అప్పుడు బయటపడింది. విమానాలన్నీ నేల మీద ఉన్న 2020లో యునైటెడ్ తన మైలేజ్ ప్రోగ్రామును తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది, డెల్టా అట్లాగే 900 కోట్ల డాలర్లు. ఎగరని విమానం కంటే మన ఆశకు ఎక్కువ అప్పు పుట్టింది. వాళ్ల మైళ్లను బ్యాంకులు టోకున కొని క్రెడిట్ కార్డుల మీద పంచుతాయి, ఆదాయం అందులో ఉంది.

అందుకే నియమాలు కూడా వాళ్లకు కుదిరినట్టు మారుతుంటాయి. మొదట్లో ఎంత దూరం ఎగిరారు అన్నది లెక్క. చవక టికెట్ కొని దూరం తిరిగి మెట్టు ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. 2015లో డెల్టా, యునైటెడ్ పాయింట్లను ఖర్చు లెక్కకు మార్చాయి. 2024లో ఎయిర్ ఇండియా కూడా దూరం వదిలి ఖర్చు లెక్కకు వచ్చింది. ఇప్పుడు ఆ ప్రోగ్రాము పేరు మహారాజా క్లబ్. ఖర్చు లెక్క వచ్చాక చవక టికెట్‌తో మైలేజ్ రన్ చేయడం చాలాచోట్ల గిట్టుబాటు కాదు. కాబట్టి మీ మేనేజర్ ఏ ప్రోగ్రాములో ఉన్నాడో, అది ఫ్లైట్లు లెక్క పెడుతుందో రూపాయలు లెక్క పెడుతుందో చూడకుండా ఆయన్ను అనుకరించకండి.

ఇక మన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు సంగతి. ఇక్కడ విమానం అంటే ఎక్కువమందికి గల్ఫ్, లేదా అమెరికాలో పిల్లలు. ఇద్దరికీ కావలసింది లాంజ్ కాదు, కిలోలు. ఎమిరేట్స్‌లో బరువు లెక్కన లగేజీ ఇచ్చే రూట్లలో సిల్వర్‌కి 12 కిలోలు, గోల్డ్‌కి 16 కిలోలు అదనం. స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో గోల్డ్ ఉంటే 20 కిలోలు, లేదా బ్యాగుల లెక్క ఉన్న రూట్లో ఇంకో బ్యాగు. సకినాలు, మామిడికాయ తొక్కు, కారంపొడి, పసుపు అన్నీ పట్టే బ్యాగు అది. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు దుప్పట్లు, సబ్బులు, పిల్లల బొమ్మలు. కానీ రెండేళ్లకోసారి ఊరికి వచ్చే మనిషి ఏ జన్మకూ గోల్డ్ కాడు. పైగా ఏజెంటు దగ్గర కొన్న చవక టికెట్‌కి మైళ్లు చాలా తక్కువ, కొన్నిటికి అసలు పడవు. ఆ పదహారు కిలోలు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు అవి అందవు, చేతి బ్యాగుతో తిరిగే మా లాంటి వాళ్లకు వచ్చేవి. జగిత్యాల అతని ప్రశ్న నన్ను ఇంకా వదలకపోవడానికి కారణం ఇదే.

గల్ఫ్ వెళ్లే మనవాళ్లు చేయగలిగిన చిన్న పని మాత్రం ఉంది. సభ్యత్వం ఉచితం, ఫోన్లోనే తీసుకోవచ్చు. ఏజెంటుకు టికెట్ చేసేటప్పుడే ఆ నంబరు వేయమని చెప్పండి. మరిచిపోతే బోర్డింగ్ పాసు పారేయకండి. ప్రయాణం అయ్యాక కూడా కొన్ని నెలల దాకా అడిగి వేయించుకోవచ్చు. స్టేటస్ రాదు, పాయింట్లు మాత్రం కూడుతాయి.

మీ విషయానికి వస్తే, నెలకోసారి సింగపూర్, ఫ్రాంక్‌ఫర్ట్ అంటున్నారు. హైదరాబాద్ నుంచి ఈ రెండు చోట్లకూ నేరుగా వెళ్లే సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా రెండూ స్టార్ అలయన్స్‌లోవే. ఎయిర్ ఇండియా కూడా 2014 జులైలో అందులో చేరింది. మూడింట్లో మూడు ఖాతాలు తెరిచి మైళ్లను చిల్లర చేసుకోకండి. ఒక్క ప్రోగ్రాము ఎంచుకుని, ఏ విమానం ఎక్కినా అదే నంబరు ఇవ్వండి. ఎంచుకునే ముందు మీ కంపెనీ కొనే టికెట్ క్లాసుకు అందులో ఎంత పడుతుందో పట్టిక చూడండి, ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో తీరుగా ఉంటుంది. దోహా, లండన్ వైపు ఎక్కువ తిరిగేవాళ్లకు వన్‌వరల్డ్ అనే ఇంకో కూటమి నయం, ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండూ అందులో ఉన్నాయి. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, దాని కార్డు చాలావరకు దానికే.

ఒక తమాషా కూడా చెబుతాను. అమెరికా లోపల తిరిగేటప్పుడు యునైటెడ్ సొంత గోల్డ్ మెంబర్‌కి దేశీయ ప్రయాణంలో లాంజ్ ఇవ్వరు. అదే వేరే దేశపు సంస్థ ఇచ్చిన స్టార్ గోల్డ్ కార్డు ఉన్నవాణ్ణి రానిస్తారు. ఇంటల్లుడికి లేని మర్యాద చుట్టానికి ఉంటుంది.

దేశం లోపలే తిరిగే ఉద్యోగం అయితే నేను ఇదంతా వద్దనేవాణ్ణి. దేశంలో సగానికి పైగా ప్రయాణికులను మోసే ఇండిగో 2024లో బ్లూచిప్ తెచ్చేదాకా మెట్లున్న ప్రోగ్రాము లేకుండానే నడిచింది, జనం ఎక్కుతూనే ఉన్నారు. పాయింట్లను దాచిపెట్టుకోవడం కూడా వద్దు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయిన రోజున ప్లాటినం కార్డున్నవాడూ కార్డు లేనివాడూ ఒకే క్యూలోకి వచ్చారు.

డిసెంబర్‌లో రెండు ఫ్లైట్లు తక్కువైతే వెళ్లాలా అంటే, వచ్చే ఏడాది కూడా నెలకోసారి తిరుగుతానని ఖాయంగా తెలిస్తే, టికెట్ డబ్బు మీ జేబుకు బరువు కాకపోతే వెళ్లండి. ప్రాజెక్టు మారిపోయే సూచన ఉంటే మానేయండి. గోల్డ్ వచ్చాక ప్రయాణాలు లేకపోతే ఆ కార్డు బల్ల మీద నేమ్‌ప్లేట్ లాంటిది. పైగా శంషాబాద్ నుంచి కాజీపేటకు ఏ కార్డూ దారి తగ్గించదు. ఇరవై నిమిషాల చెకిన్ మిగుల్చుకుని మూడున్నర గంటలు రోడ్డు మీద ఉండే జనం మనం. వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది, అది నడిస్తే నా దృష్టిలో ప్లాటినం కంటే పెద్ద స్టేటస్ అదే.

నాకు తిరుగుడు తగ్గాక మొదటి ఏడాది సిల్వర్‌కి దించారు, తర్వాత మామూలు సభ్యుణ్ణి చేశారు. ఒక మెయిల్ వచ్చింది అంతే, చాలా మర్యాదగా ఉంది. రిటైరైన తహసీల్దారుకు ఆఫీసు జీపు రాని మొదటి సోమవారం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. పోయిన నెల బిడ్డ దగ్గరికి దుబాయ్ వెళ్లాం. అలవాటుగా కాళ్లు ఎర్ర తివాచీ ఉన్న కౌంటర్ వైపు పోయాయి, మా ఆవిడ చేయి పట్టి ఇటు లాగింది. నలభై నిమిషాలు నిలబడ్డాం. పెట్టె మూడు కిలోలు ఎక్కువ వచ్చింది. తొక్కు సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు, కాబట్టి అది పెట్టెలోనే ఉంచి, అక్కడే కింద కూర్చుని పెట్టె తెరిచి సకినాల డబ్బా బయటికి తీశాం. ఆవిడ ఒడిలో పెట్టుకుని దుబాయ్ దాకా మోసింది. మూడే విరిగాయి.